నిన్నటిదాకా కనిపించిన కంప్యూటర్

మెల్‌బోర్న్ నడిబొడ్డు నుంచి ఆగ్నేయంగా ఇరవై కిలోమీటర్లు వెళ్తే క్లేటన్ వస్తుంది. మొనాష్ విశ్వవిద్యాలయం, మొనాష్ మెడికల్ సెంటర్, సీఎస్‌ఐఆర్‌వో పరిశోధనశాలలు, ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో తిప్పే ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్ అన్నీ అక్కడే ఉన్నాయి. అంత పెద్ద శాస్త్రం జరిగే చోటే క్లేటన్ రోడ్డు పొడవునా చిన్న చిన్న ఆఫీసులూ నడుస్తుంటాయి. ట్యాక్స్ ఏజెంట్లు, క్లినిక్‌లు, ట్రావెల్ ఏజెన్సీలు, కిరాణా దుకాణాల వెనక గదుల్లో లెక్కలు చూసుకునేవాళ్లు. ఇలాంటి చోట్ల పాత కంప్యూటర్ ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని తీసేయకపోవడానికి కారణాలూ ఉంటాయి. ఆస్ట్రేలియాలో వ్యాపార లెక్కల రికార్డులను మామూలుగా ఐదేళ్లు దాచాలి. ఆ లెక్కలు రాసిన పాత సాఫ్ట్‌వేర్ కొత్త మెషీన్‌లో ఎక్కదు. బిల్లు ప్రింటర్‌కి కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరకదు. అందుకని వెనక గదిలో పాత సిస్టమ్, ముందు గదిలో దానికంటే కాస్త కొత్తది, రెండింటికీ మధ్య ఒక షేరింగ్ ఫోల్డర్. ఏళ్ల తరబడి ఎవరూ దాని గురించి ఆలోచించరు.

ఒక సోమవారం పొద్దున ఆ ఫోల్డర్ తెరుచుకోదు.

అప్పుడు మొదలవుతాయి ఫోన్లు. మెల్‌బోర్న్‌లో ఆఫీసు తెరిచే తొమ్మిది గంటలకు హైదరాబాద్‌లో ఇంకా తెల్లవారదు. అయినా ఐటీలో పనిచేసే తమ్ముడినో బావమరిదినో లేపక తప్పదు. "వెనక సిస్టమ్ కనబడట్లేదురా, రీస్టార్ట్ చేశా, అయినా రావట్లేదు." అవతలి మనిషికి అనుభవం ఉంటే ఏం పాడైందని అడగడు. శుక్రవారానికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందని అడుగుతాడు. రెండు పాత కంప్యూటర్ల మధ్య మాట తెగినప్పుడు అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఈ ప్రశ్నే. ఎందుకంటే చాలాసార్లు ఏదీ పాడవదు. రెండింటిలో ఒకటో, మధ్యలో ఉన్నదో మారిపోయి ఉంటుంది.

ఆ ప్రశ్నకు జవాబు దొరక్క ఒక ఊరు ఊరే ఏడాదిన్నర అవస్థ పడింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే పల్లెలో రోజూ ఉదయం ఏడు గంటలకు బ్రాడ్‌బ్యాండ్ కుప్పకూలేది. కేబుళ్లు మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఓపెన్‌రీచ్ సంస్థ ఇంజనీర్లు విద్యుత్ తరంగాలను పసిగట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని, తెల్లవారుజామున వానలో ఊరంతా తిరిగారు. ఏడు కొట్టగానే పరికరం ఒక ఇంటి వైపు చూపించింది. ఆ ఇంట్లోవాళ్లు రోజూ ఆ వేళకు ఒక పాత టీవీ పెట్టేవారు. అది వెదజల్లే విద్యుత్ రొద ఊరి లైన్లన్నిటినీ చెడగొట్టేది. 2020 సెప్టెంబరులో ఈ సంగతి ప్రపంచమంతా తెలిసింది. పాపం ఆ ఇంటివాళ్లు విషయం తెలియగానే టీవీని శాశ్వతంగా ఆపేశారు. మిగతా పరీక్షలన్నీ "ఎక్కడ" అని వెతికినా, ఆ సమస్య చిక్కుముడి వీడింది "ఎప్పుడు" అనే దాంతోనే. ఆఫీసులోనూ అంతే. కనెక్షన్ ఎప్పుడూ పోతోందా, రోజూ ఒకే వేళకు పోతోందా, కదిలించినప్పుడే పోతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతే వేరే పని.

తేల్చుకున్నాక పరీక్ష కింద నుంచి మొదలవ్వాలి. కింద అంటే నిజంగానే బల్ల కింద. నెట్‌వర్క్ కేబుల్ దూరే చోట చిన్న లైట్లు ఉంటాయి. లైట్ వెలగకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లడం దండగ. ప్లగ్ మీద ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగితే కేబుల్ పెట్టినట్టే కనిపిస్తుంది, కానీ సరిగా ఆనదు. కుర్చీ చక్రాల కింద ఏళ్ల తరబడి నలిగిన కేబుల్ బయటికి బాగానే ఉండి లోపల తెగుతుంది. అనుమానం ఉన్న కేబుల్‌ను పనిచేస్తుందని తెలిసిన మరో కేబుల్‌తో మార్చి చూడటం కంటే తొందరగా తేలే పరీక్ష లేదు.

ఆ కేబుల్ లోపల ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. పాత నెట్‌వర్క్ కార్డులు, అంటే సెకనుకు 10 లేదా 100 మెగాబిట్ల వేగంతో నడిచేవి, రెండు జంటలనే వాడుకుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి. అందువల్ల ఒక తమాషా జరుగుతుంది. గోధుమ రంగు జంట ఎప్పుడో తెగిపోయినా, కంప్యూటర్లను కలిపే పాత స్విచ్‌తో ఆ కేబుల్ పదేళ్లు పనిచేస్తుంది. స్విచ్ పాతదైందని గిగాబిట్‌ది తెచ్చి పెట్టిన రోజు నుంచి లైట్ వెలిగి ఆరుతూ ఉంటుంది. గిగాబిట్‌లో మాట్లాడుకుందామని రెండు వైపులా ఒప్పుకుంటాయి, మొదలుపెట్టగానే విఫలమవుతాయి, మళ్లీ మొదటికొస్తాయి. కొన్ని కార్డులు తామే తక్కువ వేగానికి దిగుతాయి, కొన్ని దిగవు. కొత్త స్విచ్‌లో లోపముందని దాన్ని వాపసు చేసేవాళ్లు చాలామంది. తప్పు కేబుల్‌దే.

స్విచ్ లేకుండా రెండు కంప్యూటర్లను నేరుగా కలిపినచోట ఇంకో చిక్కు ఉంది. పాత కార్డుల మధ్య క్రాస్ఓవర్ కేబుల్ ఉండాలి. అందులో ఒక చివర పంపే తీగలు రెండో చివర అందుకునే తీగలకు చేరతాయి. కొత్త కార్డులు ఈ అమరికను తామే సర్దుకుంటాయి కాబట్టి దుకాణాల్లో ఇప్పుడు దాదాపు అన్నీ మామూలు కేబుళ్లే. గదులు ఊడుస్తూ ఎవరో పాత కేబుల్ తీసి, అదే పొడవున్న కొత్త కేబుల్ పెడితే రెండు పాత మెషీన్లూ మూగబోతాయి. బాక్సులో వేసిన పాత కేబుల్‌ను పారేయకుండా ఉంచితే మంచిది.

ఇక్కడ ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన ఊళ్లో క్రింపింగ్ టూల్ కొనుక్కుని, గోడలోంచి కేబుల్ లాగి, సాకెట్ బిగించుకోవడం మామూలే. ఆస్ట్రేలియాలో అది కుదరదు. టెలికమ్యూనికేషన్ నెట్‌వర్క్‌తో కలిసే గోడలోని, పైకప్పులోని స్థిరమైన కేబుల్ పని ఎంత చిన్నదైనా రిజిస్టర్ అయిన కేబ్లరే చేయాలని ఆక్మా అనే ప్రభుత్వ సంస్థ నియమం. కొన్న కేబుల్‌ను సాకెట్‌లో గుచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. సాకెట్ విప్పకూడదు. ఇది లెక్కచేయనక్కర్లేని నియమం అనుకుంటే పొరపాటే. కరెంటు తీగలూ నెట్‌వర్క్ తీగలూ ఒకే గోడలో పోతుంటాయి, తెలియక వేలు పెడితే ప్రాణాపాయం.

1990ల్లో మన ఆఫీసుల్లో నెట్‌వర్క్ చూసినవాళ్లకు ఇంతకంటే కష్టకాలం గుర్తుంటుంది. అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ 1973లో ఈథర్‌నెట్‌కు రూపం ఇచ్చారు. అది ఆఫీసులకు చేరేసరికి టీవీ కేబుల్ లాంటి నల్లటి కోయాక్సియల్ తీగగా వచ్చింది. ఒకే తీగ గది గదికీ, సిస్టమ్ సిస్టమ్‌కీ తగులుతూ పోయేది. ఒక్కో వరస 185 మీటర్లకు మించకూడదు. రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించాలి. ఎక్కడ ఒక్క టీ జాయింట్ వదులైనా ఆఫీసంతా ఆగిపోయేది. అప్పటి టెక్నీషియన్లు వరసలో సరిగ్గా మధ్యకు వెళ్లి, తీగ విడదీసి, అక్కడో టెర్మినేటర్ పెట్టేవారు. ఏ సగం పనిచేస్తే ఆ సగాన్ని పక్కనబెట్టి, చెడిన సగాన్ని మళ్లీ రెండు చేసేవారు. ఇరవై సిస్టమ్‌ల వరసలో నాలుగైదు అడుగుల్లో దొంగ దొరికేవాడు. తీగ పోయింది కానీ ఆ పద్ధతి పోలేదు. ఇప్పటి పరీక్షలన్నీ దారిని సగం చేసి చూడటమే.

లైట్లు వెలుగుతున్నాయి, కేబుల్ మంచిదే. అప్పుడు చిరునామా చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేస్తే ప్రతి కంప్యూటర్ తన ఐపీ చిరునామా చెబుతుంది. అది 169.254 అంకెలతో మొదలైతే రోగం సగం తెలిసినట్టే. చిరునామాలు పంచాల్సిన రూటర్ నుంచి జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒక నంబర్ పెట్టుకుందని దాని అర్థం. 192.168తో మొదలైతే రెండు మెషీన్లలో మూడో సంఖ్య కూడా ఒకటేనా అని చూడాలి.

క్లేటన్ లాంటి చోట్ల ఆ మూడో సంఖ్య చాలా ఆఫీసుల్లో తేడా వచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2009లో ఎన్‌బీఎన్ సంస్థను పెట్టి, దేశమంతటా కొత్త బ్రాడ్‌బ్యాండ్ వేయించింది. ఒక ప్రాంతానికి ఎన్‌బీఎన్ వచ్చాక మామూలుగా 18 నెలల్లో పాత ఏడీఎస్‌ఎల్ లైన్ వదిలి మారిపోవాల్సి వచ్చేది. కొత్త లైన్‌తో చాలామందికి కొత్త రూటర్ వచ్చింది. ఉదాహరణకు, పాత రూటర్ 192.168.0 వరసలో నంబర్లు ఇచ్చేది, కొత్తది 192.168.1 వరసలో ఇస్తుంది. ముందు గదిలోని కంప్యూటర్ కొత్త నంబర్ తీసుకుని హాయిగా ఇంటర్నెట్ చూపిస్తుంది. వెనక గదిలోని పాతదానికి మాత్రం ఎప్పుడో ఎవరో చేత్తో నంబర్ రాసిపెట్టారు. వీధి పేరు మారిపోయినా గుమ్మానికి పాత డోర్ నంబర్ పలకే వేలాడుతున్న ఇల్లు అది. పోస్ట్‌మ్యాన్ రాడు. ఆ నంబర్‌ను కొత్త వరసలోకి మార్చడానికో, రూటర్ ఇచ్చేదాన్ని తీసుకోమని చెప్పడానికో రెండు నిమిషాలు చాలు. కారణం కనిపెట్టడానికే రోజులు పడతాయి.

తర్వాత పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ ఒక నెట్‌వర్క్ చిక్కు విప్పడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ ఇది. అవతలి కంప్యూటర్‌కు చిన్న మూట పంపి, తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. నలభై ఏళ్లు దాటినా దానికి బదులు ఇంకోటి రాలేదు. ముందు నంబర్‌తో పింగ్ చేయాలి, తర్వాత పేరుతో. నంబర్‌కు జవాబు వచ్చి పేరుకు రాకపోతే దారి బాగానే ఉంది, పేరు గుర్తుపట్టడంలోనే తేడా. అయితే జవాబు రానంత మాత్రాన దారి తెగిందని తీర్మానించకూడదు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌లకు పలకకపోవడం మామూలే.

ఆ ఫైర్‌వాల్ సంగతీ రూటర్ మార్పుతోనే ముడిపడి ఉంది. కొత్త రూటర్ పెట్టగానే విండోస్ దాన్ని తెలియని నెట్‌వర్క్‌గా చూస్తుంది. కాఫీ దుకాణంలో ఉన్నట్టు "పబ్లిక్" అని గుర్తు వేసుకుని ఫైళ్ల పంపకం ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని "ప్రైవేట్" అని మార్చితే ఫోల్డర్ మళ్లీ కనిపిస్తుంది. ఇది తెలియక ఫైర్‌వాల్ మొత్తాన్నే ఆపేసి, పనిచేసింది కదా అని అలాగే వదిలేసే ఆఫీసులున్నాయి. పేషెంట్ల వివరాలో, క్లయింట్ల పన్ను లెక్కలో ఉన్న కంప్యూటర్‌కు అది చేయరాని పని. పరీక్ష కోసం ఒక నిమిషం ఆపినా, వెంటనే తిరిగి పెట్టాలి.

ఏం మారిందో ఎవరికీ గుర్తులేని కేసులు అన్నిటికంటే కష్టం. అమెరికాలో ట్రే హారిస్ అనే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు ఒక విశ్వవిద్యాలయ విభాగం నుంచి వింత ఫిర్యాదు వచ్చింది. 500 మైళ్లు దాటిన ఊళ్లకు ఈమెయిల్ వెళ్లడం లేదట. నమ్మశక్యం కాక ఆయనే పరీక్షించి చూస్తే నిజమే. చివరికి తేలిందేమిటంటే, సర్వర్‌ను బాగుచేయడానికి వచ్చిన వ్యక్తి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది వేశాడు. దాంతోపాటు మెయిల్ ప్రోగ్రామ్ మాత్రం పాత వెర్షన్‌కు దిగిపోయింది. కొత్తదాని కోసం రాసిన సెట్టింగులు పాతదానికి అర్థం కాలేదు, వేచి ఉండే సమయం సున్నాగా మారింది. సున్నా అన్నా ఆ మెషీన్ మూడు మిల్లీసెకన్లు ఆగేది. అంతలో కాంతి వెళ్లగలిగే దూరం 500 మైళ్ల పైచిలుకు. వినడానికి అసంబద్ధంగా ఉన్న ఫిర్యాదును కొట్టిపారేయకుండా వినబట్టే అది తేలింది. మూలం మాత్రం సాదా: పాతదీ కొత్తదీ ఒకదానిమాట ఒకటి అందుకోలేకపోయాయి.

క్లేటన్ ఆఫీసుల్లోని పాత విండోస్ ఎక్స్‌పీ మెషీన్ల కథ కూడా అదే, కాకపోతే ఇక్కడ ఆ మాట కావాలనే ఆపారు.

విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతిని ఎస్‌ఎంబీ అంటారు. దాని మొదటి రూపం 1983లో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ చేతిలో పుట్టింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి ఆ మొదటి రకం తప్ప ఇంకోటి రాదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ఆ మొదటి రకంలోని లోపం గుండా ప్రపంచం మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. లోపానికి మందు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఇబ్బంది పడ్డారు. 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగిపోయిన ఎక్స్‌పీకి కూడా మే దాడి తర్వాత ప్రత్యేకంగా ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది.

కొన్ని వారాలకే వన్నాక్రై క్లేటన్ ఉన్న విక్టోరియా రాష్ట్రానికే వచ్చింది. 2017 జూన్‌లో అక్కడి రోడ్ల మీద వేగాన్నీ ఎర్రలైట్ దాటడాన్నీ పట్టే కెమెరాల్లో మొదట 55కు అది సోకినట్టు తేలింది. పోలీసులు మొదటి విడతలోనే 590 జరిమానాలు రద్దు చేశారు. ఆ కెమెరాలకు ఇంటర్నెట్ కనెక్షన్ లేదు. మరమ్మతుకు వచ్చినవారి యూఎస్‌బీ నుంచి వైరస్ ఎక్కింది. పాత మెషీన్ ఇంటర్నెట్‌లో లేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఈ ఒక్క సంఘటన మననం చేసుకోవాలి.

ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కొత్త వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఎస్‌ఎంబీ మొదటి రకాన్ని ముందుగా పెట్టి ఇవ్వడం మానేసింది. అప్‌డేట్ అయిన హోమ్, ప్రో వెర్షన్లలో ఇంకో ఏర్పాటు ఉంది. కంప్యూటర్ నడుస్తున్న కాలంలో 15 రోజులపాటు ఎవరూ ఆ మొదటి రకాన్ని వాడకపోతే అది తనంతట తానే తొలగిపోతుంది. వెనక గది ఫోల్డర్‌ను రెండు మూడు వారాలు ఎవరూ తెరవకపోతే, తెరిచిన రోజు అది ఉండదు. అంతకుముందు ఏం మారిందని అడిగితే అందరూ ఏమీ లేదనే అంటారు, అబద్ధమూ కాదు. మారింది మనుషుల చేతుల్లో కాదు. విండోస్ 7కు రెండో రకం వచ్చు కాబట్టి దానికి ఈ బాధ లేదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 మరో మెట్టు ఎక్కింది. పంపే ప్రతి మాటకూ డిజిటల్ సంతకం కావాలంటుంది, ప్రో వెర్షన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ పద్ధతిలో ఫోల్డర్లు తెరవనివ్వదు. ఎప్పుడో పాస్‌వర్డ్ లేకుండా పెట్టుకున్న షేరింగ్‌లు ఇప్పుడు తెగడానికి అదొక కారణం.

విండోస్ ఫీచర్ల జాబితాలోకి వెళ్లి పాత రకాన్ని మళ్లీ టిక్ చేస్తే నిమిషంలో ఫోల్డర్ తెరుచుకుంటుంది. సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది ఇదే చెబుతారు. చెప్పకూడదు. ప్రపంచమంతా దెబ్బతిన్నాక మూసిన దారిని ఒక బిల్లు ప్రింట్ కోసం తెరిచి ఉంచడం న్యాయం కాదు. కావలసింది పాత ఫైళ్లే అయితే ఎక్స్‌పీ మెషీన్ హార్డ్‌డిస్క్ బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్తదానికి తగిలించి, యాంటీవైరస్‌తో చూసి కాపీ చేసుకోవచ్చు. పాత సాఫ్ట్‌వేరే నడవాలంటే రెండు పాత మెషీన్లనే ఒక చిన్న స్విచ్‌కు కలిపి, ఒకదానికి 192.168.50.1, రెండోదానికి 192.168.50.2 అని చేత్తో నంబర్లు ఇచ్చి, రూటర్‌కు దూరంగా ఉంచాలి. ఆ స్విచ్ నుంచి మూడో తీగ ఎక్కడికీ పోకూడదు.

ఇంకొకటి, చాలామంది చివరిదాకా చూడనిది గడియారం. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీద నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. అది ఖాళీ అయితే పవర్ తీసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కిపోతుంది. సర్వర్ ద్వారా లాగిన్ అయ్యే ఆఫీసుల్లో రెండు గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే మామూలుగా సర్వర్ లోపలికి రానివ్వదు. వెబ్‌సైట్లు భద్రతా సర్టిఫికెట్ చెల్లదంటాయి. సూపర్‌మార్కెట్‌లో దొరికే ఒక్క బ్యాటరీతో పోయే రోగం ఇది.

ఇక ఆ పాత మెషీన్‌ను వదిలించుకునే రోజు వస్తే విక్టోరియాలో దాన్ని చెత్తబుట్టలో వేయడం కుదరదు. 2019 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ చెత్తను భూమిలో పూడ్చడాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. కౌన్సిల్ సేకరణ కేంద్రాల్లో ఇచ్చేయాలి. ఇచ్చేముందు హార్డ్‌డిస్క్ తీసి పక్కన పెట్టుకోవాలి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు, ఐదేళ్ల క్లయింట్ల లెక్కలు అందులోనే ఉంటాయి. డిస్క్ మొత్తం మీద తిరగరాసే సాఫ్ట్‌వేర్‌తో తుడిచాకే దాన్నీ అక్కడికి పంపాలి.